అర్ఫా కూర్చున్న వైపు

“టీచరమ్మా! ఆఫీసరు గోరు వచ్చేత్తన్నారు!”

ఆయా అప్పలనర్సమ్మ గుసగుసగానే అంది. కాని ఆ గుసగుస గవరపాలెం దాకా వినిపించేటట్టుంది.

అఫ్సానా చున్నీ సర్దుకుంది. ఒకటో తరగతి పిల్లలు పీట చుట్టూ చాపల మీద కూర్చుని ఉన్నారు.

“రానివ్వండి, నర్సమ్మగారూ.”

“హెడ్మాస్టారే ఎంటబెట్టుకొత్తన్నారు. ఇస్త్రీ సొక్కా, కళ్లజోడూ! ఈయేళ పరీచ్చ గట్టిదేనమ్మా. తేడా వత్తే ఏటవుద్ది?”

“నా మిగతా బతుకంతా ఈ ఒక్క గంట మీదే ఉంది,” అంది అఫ్సానా. నవ్వుతూనే అన్నా, సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పసాగింది. సంగతి తేలగానే చెప్పమని అమ్మీ పొద్దుటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది.

హెడ్మాస్టారు త్రినాధరావు గుమ్మంలో నిలబడ్డారు. “అమ్మా, ఈయన మీ పాఠం చూస్తారు. కానివ్వండి,” అని, మీసాల మాటున ఏదో నవ్వు దాచుకుని వెళ్లిపోయారు.

అప్పలనర్సమ్మ కొంగుతో కుర్చీ తుడిచింది, చాలదన్నట్టు మళ్లీ తుడిచింది. వచ్చినాయన లోహిత్ అనే పిల్లాడి వెనకాల కూర్చుని, జేబురుమాలుతో నుదుటి చెమట అద్దుకున్నారు.

అఫ్సానా బల్ల మీది బెల్లం ముక్క ఎత్తి చూపింది. బెల్లం కొట్లో అడిగి, అంచులు సమంగా చెక్కించి తెచ్చిన ముక్క.

“పలక మీద పడుకునేది చతురస్రం. లేచి కూర్చుంటే ఘనం. దీనికి మూలలెన్నో తడిమి లెక్కపెట్టండి.”

ముక్క చేతులు మారింది. “ఎనిమిది!” అన్నాడు ఒకడు. “ఎనిమిది!” అంది ఇంకొకతె. లోహిత్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

“ఏడు!” అన్నాడు వాడు.

“ఎనిమిదో మూల ఏదిరా?”

“కడుపులో ఉంది టీచర్.”

తరగతి గొల్లుమంది. కుర్చీలో నవ్వు పుట్టి, దగ్గుగా మారింది. “కొంప ముంచేసేడు,” అని అప్పలనర్సమ్మ నెత్తి కొట్టుకుంది.

అఫ్సానా ఈసారి ఏటికొప్పాక లక్కభరిణె తీసింది. ఎర్రగా, నున్నగా, పొడవుగా ఉంది. దాన్ని పీట మీద పడుకోబెట్టి, దొర్లిపోకుండా అటూ ఇటూ సుద్దముక్కలు పెట్టింది.

“కదలకుండా ఎవరి చోట వాళ్లుండి, కనిపించింది కనిపించినట్టు గీయండి.”

పలకలు కిర్రుమన్నాయి. లోహిత్ దీర్ఘచతురస్రం గీశాడు. పక్క వైపున, భరిణె మూతకు సరిగ్గా ముఖం పెట్టి కూర్చున్న అర్ఫా నిండు వృత్తం గీసింది.

“గుండ్రమేటే? నీ కళ్లకేటయ్యింది? పొడుగ్గా ఉంటేనూ!”

“నీ కళ్లకే బెల్లం అంటుకుంది!”

తగువు ముదిరింది. ఒక్క మాటతో తీర్చగల అఫ్సానా ఆ మాట అనలేదు. కుర్చీ వైపు తిరిగింది.

“మీరు చెప్పండి. ఎవరిది ఒప్పు?”

“అయిబాబోయ్, ఆయన్నే పెశ్న అడిగేత్తన్నారేటి!” అని అప్పలనర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. “దీర్ఘచతురస్రమే కదండీ. ఈ బాబుదే ఒప్పు.”

లోహిత్ ఎగిరి గంతేశాడు. అర్ఫా కింది పెదవి వణికింది. అయినా పలక చెరపలేదు, గుండెకు హత్తుకుంది.

“కాదు. నాకు గుండ్రంగానే ఉంది.”

“పెద్దోరికి ఎదురు సెప్పకూడదమ్మా,” అంది అప్పలనర్సమ్మ.

అఫ్సానా చేతిలో సుద్దముక్క తిరగడం మానేసింది. ఆమె అర్ఫాను చూడడం లేదు, ఆయననే చూస్తోంది.

ఆయన లేచారు. చాప అంచున బూట్లు విప్పారు. పీట చుట్టూ తిరిగి వెళ్లి అర్ఫా పక్కన బాసింపట్టు వేసుకున్నారు. అక్కడికీ ఎత్తే అనిపించిందేమో, తల వంచి వంచి, పాప కళ్ల మట్టానికి తన కళ్లు తెచ్చారు. ఒక కన్ను మూశారు.

“అరె! గుండ్రమే!”

“నే సెప్పలేదేటి?”

“నేనే తప్పు చెప్పాను తల్లీ. నీ పక్కన కూర్చుని చూడకుండానే చెప్పేశాను.”

“మరి లోహిత్‌ది?”

“వాడి వైపు నుంచి వాడిదీ ఒప్పే.”

అర్ఫా కాసేపు ఆలోచించి, క్షమించి, పలక ఇచ్చింది. “అయితే మీరూ గియ్యండి.”

ఆయన గీశారు. అర్ఫా పెదవి విరిచి, అరచేత్తో చెరిపేసింది.

“ఇది వంకాయి. మళ్లీ గియ్యండి.”

ఆయన మళ్లీ గీశారు. మళ్లీ వంకాయే వచ్చింది. ఈసారి పిల్లలందరూ ఆయన చేయి పట్టుకుని గీయించారు.

గంట కొట్టారు. ఇస్త్రీ చొక్కా నిండా సుద్ద, వేళ్ల నిండా బెల్లం పాకం. ఆయన గుమ్మం దాటి, వట్టి కాళ్లతో వెనక్కి వచ్చి బూట్లు తొడుక్కున్నారు.

“మరి... నేను వెళ్లొచ్చునా?” అని అడిగి, అఫ్సానా తల ఊపేదాకా నిలబడ్డారు.

“ఒక్క ముక్కా రాసుకోనేదు,” అంది అప్పలనర్సమ్మ దిగులుగా. “మంచికో సెడుకో!”

పీట మీద బెల్లం ఘనానికి ఇప్పుడు ఒక్క మూలా మిగల్లేదు. ఎన్ని నాలుకలు తగిలాయో ఏమో, అది ముచ్చటైన గోళమైంది. దాన్ని చూసి అఫ్సానా నవ్వుకుంటుండగానే ఫోన్ మోగింది.

“ఏమైంది బేటీ? ఏం తేలింది?” అమ్మీ మెహబూబ్ జాన్ గొంతులో ఆత్రం.

అఫ్సానా కిటికీ వైపు తిరిగింది.

“అబ్బాయి పాసయ్యాడమ్మీ, నికాహ్ తారీఖు చూడండి.”