ఇంకా చల్లారలేదు

గాలికే చల్లబడే ఆ పాత కారు ఇంజనుకి ఇక వాల్వుల గ్యాప్ సరిచేయడమే మిగిలింది. ఇంజను పూర్తిగా చల్లారితే గానీ ఆ పని చేయకూడదు.

“ఈ రోజైనా కారు నా చేతికిస్తావా?” షెడ్డు గుమ్మంలోంచి అడిగింది వదిన.

“ఇంజను ఇంకా వేడిగా ఉంది వదినా. ఇప్పుడే చెయ్యి పెట్టి చూశాను.”

“వారం నుంచీ ఇదే పాట.”

స్పీడు చాలట్లేదురా అని అన్నయ్య అంటే, కాదనలేక పవరు పెంచింది నేనే. మూడో రోజే ఆ కారు యాక్సిడెంటులోనే పోయాడు.

వదిన లోపలికొచ్చి సిలిండరు మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

“మంచులా ఉంది కదయ్యా. ఆ రోజు ఆగిన ఇంజను, మళ్లీ ఎవరు స్టార్ట్ చేశారని?”

నా చెయ్యి లాక్కుని తిప్పి చూసింది.

అరచేతి నిండా బొబ్బలు.