గోడ అవతల సుత్తమ్మ

గోడ మళ్ళీ దడదడలాడింది.

"వచ్చేసింది సుత్తమ్మ!" అంటూ ప్రెస్సు మామయ్య మంచం దిగాడు.

ప్రెస్సు మామయ్య అంటే, అచ్చు యంత్రాల మధ్య వయసంతా ఖర్చుపెట్టి, ఇప్పుడు రెండు గదుల్లో ఒక్కడే మిగిలిన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇక సుత్తమ్మ, పక్కవాటాలో కొత్తగా దిగిన ఆడమనిషి. ఎక్కడో చొక్కాలకు కాజాలు కుడుతుందట. ఆ పేరు ఈయన పెట్టిందే.

ఇద్దరి వంటిళ్ళకూ మధ్య ఒకటే గోడ. పొద్దునా సాయంత్రమూ ఆవిడ దాన్ని బాదేది.

ఈయన ఊరుకుంటాడా? గరిటె అందుకుని తనూ రెండు వేసేవాడు.

"ఏమమ్మా, ఈ గోడ నీకేం పాపం చేసింది? చేతులు ఖాళీగా ఉంటే పోయి పప్పు రుబ్బుకో!"

అవతలినుంచి జవాబు ఉండదు. దెబ్బలు మాత్రం ఆగవు.

ఎలాగూ వంటింట్లోకి వచ్చాడు కదా. కిటికీలో మందుల డబ్బా ఎర్రగా వెలుగుతూ కనిపించేది. మూత తీసి మాత్రలు మింగేవాడు. ఈలోగా అవతల చెయ్యి నొప్పి పుట్టేదో ఏమో, గోడ చల్లబడేది.

ఆ డబ్బా మేనకోడలు కొనిచ్చింది, ఆయన గుండెకు స్టెంటు పడ్డాక.

"వేళకి ఇది వెలుగుతుంది, కూత పెడుతుంది మామయ్యా. మూత తీస్తేనే ఆగుతుంది. నువ్వు మాత్ర తియ్యకపోతే నా ఫోనుకి కబురొస్తుంది. తప్పాయో, నిన్నిక్కడ ఒక్కణ్ణీ ఉంచను. వృద్ధాశ్రమంలో చేర్పిస్తా."

"ఆశ్రమమా? గంట కొడితే తిని, గంట కొడితే పడుకోవడం నావల్ల కాదు తల్లీ. నా ఇంట్లోనే ఉంటా."

"అయితే మాత్రలు మింగు."

మింగాడు. ఒక్కపూటా తప్పలేదు. మేనకోడలు ఫోనులో మురిసిపోయింది.

"శెభాష్ మామయ్యా!"

"మరేమనుకున్నావే? నీ డబ్బా కూసేలోపే మింగేస్తున్నా. అది కూయగా నేనింతవరకూ వినలేదు."

హాస్యమనుకుని ఆ పిల్ల నవ్వేసింది.

ఒకరోజు మెట్ల మీద సుత్తమ్మ ఎదురుపడింది. ఈయన అక్కడే నిలేశాడు.

"మనిషివేనా నువ్వు? పక్కన ముసలివాడు ఉన్నాడన్న ఇంగితం లేదా?"

ఆవిడ చక్కగా నవ్వి, తలూపి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"తిడితే నవ్వుతుందేమిటి ఈవిడ!" ఒళ్ళు మండిపోయింది ఆయనకు. తిన్నగా ఇంటాయనకు ఫోను చేశాడు.

"ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి బాబూ. గోడ బద్దలు కొడుతోంది."

"మీరు పాతవారు పెద్దాయనా. మీకంటే ఎక్కువా? నెల తిరగ్గానే ఖాళీ చేయిస్తాను."

అన్నట్టే చేయించాడు. వెళ్ళేరోజు ఆవిడ ఈయన గుమ్మం ముందు చాలాసేపు నిలబడింది. ఈయన కిటికీలోంచి చూశాడు గానీ తలుపు తియ్యలేదు.

మర్నాడు గోడ పలకలేదు. హాయిగా దుప్పటి ముసుగు తన్నాడు.

ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. ఇల్లు బావిలా అయిపోయింది. రోజు మొత్తంలో ఆయన నోరు విప్పి మాట్లాడిన మనిషి ఆ గోడ అవతలి మనిషే మరి! ఓ మధ్యాహ్నం గరిటెతో తనే గోడ కొట్టి చూశాడు. అవతల ఖాళీ గది ఖంగుమంది.

"మాత్రలు తప్పుతున్నావు మామయ్యా," అని ఫోనులో మేనకోడలు.

"నేనెందుకు తప్పుతానే? నీ డబ్బాకే మతి పోయింది."

వారం తిరక్కుండానే స్నానాలగది దగ్గర కూలిపోయాడు. ఆస్పత్రినుంచి ఇంటికి తెచ్చిన సాయంత్రం మేనకోడలు చెవులు మూసుకుంది.

"అది అంత గోల పెడుతుంటే లేవవేం మామయ్యా?"

"ఏది గోల పెడుతోంది?"

"డబ్బా! చెవులు చిల్లులు పడుతున్నాయి."

ఆయన డబ్బాను తెచ్చి చెవికి ఆనించుకున్నాడు. ఈ చెవికి, తర్వాత ఆ చెవికి. ఏమీ లేదు. మనిషి మాట వినపడుతుంది, గోడమీది దెబ్బ వినపడుతుంది. సన్నటి చప్పుళ్ళన్నిటినీ అచ్చు యంత్రాల హోరు ఎప్పుడో తినేసింది.

మేనకోడలు కళ్ళు తుడుచుకుంది.

"ఇక నావల్ల కాదు మామయ్యా. ఆశ్రమంలో చెప్పేశాను."

ఈసారి ఆయన కాదనలేదు.

తాళంచెవి ఇవ్వడానికి వెళితే, ఇంటాయన పక్కవాటాలో సున్నం వేయిస్తున్నాడు.

"బాబూ, ఇక్కడున్న ఆవిడ ఎక్కడికెళ్ళిందో చెప్పవా? క్షమించమని అడగాలి. నా డబ్బా కూతకి పాపం తల దిమ్మెక్కి గోడ కొట్టేది. నేనేమో తిరిగి తిట్టాను."

"ఊరే వదిలి వెళ్ళింది పెద్దాయనా. ఎక్కడికో నాకూ తెలీదు. కానీ ఒకసారి ఇలా రండి."

వంటింట్లోకి తీసుకెళ్ళాడు. కిటికీ అవతల ఇరుకు సందు, ఎదురుగా తెల్లటి గోడ. మామయ్య వంటింటి కిటికీలోని డబ్బా వెలుగు దానిమీద ఎర్రగా పడి కొట్టుకుంటోంది.

"వెళ్ళేరోజు నన్ను చెయ్యి పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చింది. ఆ ఎరుపు చూపించింది. మీ గోడమీద దబదబా కొట్టి, అది ఆరేదాకా కొడుతూనే ఉండమన్నట్టు సైగ చేసి, నాకు దండం పెట్టింది. నాకేం అర్థం కాలేదు."

మామయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ ఎర్రటి మరక వైపు చూశాడు.

"నాతో నోటితో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా బాబూ!"

ఇంటాయన ఆయన మొహంలోకి వింతగా చూశాడు.

"ఇన్నాళ్ళూ గోడ పక్కనే ఉన్నారు, మీకు తెలీదా పెద్దాయనా? ఆవిడకి పుట్టుకతోనే మాట రాదు, చెవులూ వినపడవు."