అత్తయ్య చెప్పిన హంతకులు

“వంటవాడే చంపాడు అల్లుడుగారూ!”

కళ్లద్దాల షాపాయన ఇంకా చెప్పులైనా విప్పలేదు. గుమ్మంలోనే నీరుగారిపోయాడు. పొద్దున నూట ఇరవయ్యో పేజీలో ఆపిన నవల అది. రోజంతా ఎవరి ముక్కు మీద అద్దాలు పెడుతున్నా మనసంతా ఆ హంతకుడి మీదే ఉంది.

“అత్తయ్యా! ఇంకా సగం పుస్తకం ఉంది!”

“అందుకే చెప్పాను. మీకు శ్రమ తప్పింది కదా.”

వంటింట్లో ఆయన భార్య నవ్వాపుకోలేక దగ్గింది.

మామగారు పోయాక అత్తగారు వీళ్లింటికే వచ్చేసింది. సూదిలోకి దారం ఎక్కడం లేదంటే అల్లుడు మంచి అద్దాలు చేయించి ఇచ్చాడు. ఆ తప్పే ఆయన కొంప ముంచింది. మధ్యాహ్నాలు ఆవిడ ఆ అద్దాలు పెట్టుకుని, అల్లుడి పుస్తకం ఒళ్లో వేసుకుని కూర్చునేది. సాయంత్రానికి తీర్పు సిద్ధం. ఒకసారి తోటమాలి, ఒకసారి రెండో పెళ్లాం, ఒకసారి ఏకంగా కేసు పట్టుకున్న పోలీసాయనే!

హంతకుడెవరో తెలిసిపోయాక ఇంకేం చదువుతాడు? మర్నాడే లైబ్రరీలో ఇచ్చేసేవాడు. అలా పద్నాలుగు నవలలు సగంలోనే ప్రాణాలు వదిలాయి.

అలాగని ఊరుకోలేడు, వాదనకి దిగేవాడు.

“వంటవాడికేం అవసరమండీ చంపడానికి?”

“రోజూ ఉప్పు తక్కువైందని తిడితే ఎవరికి మండదు?”

టీ చల్లారేది, వాదన చల్లారేది కాదు. మామగారు పోయిన దగ్గర్నుంచి ముభావంగా ఉన్న ఆవిడ ముఖం ఆ కాసేపూ వెలిగిపోయేది. ఆయన కోపం మాత్రం కోపమే.

చివరికి విసిగి ఆత్మకథల్లోకి దిగాడు. వాటిలో చంపడాలుండవు, దాచుకోవాల్సిన గుట్టూ ఉండదు. ఎవరో ఓడ కెప్టెన్ రాసుకున్న జీవితం తెచ్చాడు.

“పాపం, చివర్లో పోతాడు,” అంది అత్తగారు.

“పోయినాయన ఎలా రాశాడు అత్తయ్యా?”

“పోయేముందు రాసుంటాడు.”

మర్నాడు కెప్టెన్ కూడా లైబ్రరీకి తిరిగెళ్లాడు.

ఒకరోజు పాత పుస్తకాల షాపులో, చిన్నప్పుడు అట్ట ఊడిపోయేదాకా చదివిన బొమ్మల పుస్తకం దొరికింది. ఒంటికన్ను పిల్లి పడవెక్కి సముద్రం మీదికి పోయే కథ. ఆయనకి కంఠతా వచ్చు. అయినా సరే, అత్తగారి కంట పడకుండా బీరువాలో చొక్కాల వెనక దాచాడు.

మర్నాడు సాయంత్రం ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

“మీ పిల్లి పెళ్లి చేసుకుని హాయిగా ఉంది అల్లుడుగారూ!”

ఆయన గతుక్కుమన్నాడు. “అది తుఫానులో మునిగిపోతుంది అత్తయ్యా! చిన్నప్పుడు దానికోసం రెండు రోజులు అన్నం మానేశాను.”

“ఎక్కడా మునగలేదు. నేను చూశాను కదా.”

“చివరి పేజీలో ఉంటుంది...”

“మునగలేదంటే మునగలేదు!” ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

 ఇన్నాళ్ల కోపం ఎటుపోయిందో, ఆయనకి భయం పట్టుకుంది. నేరుగా వంటింట్లోకి వెళ్లాడు.

“ఏమోయ్, మీ అమ్మకి మతిమరుపు మొదలైనట్టుంది. రేపే డాక్టరుకి చూపిద్దాం. పద్నాలుగు నవలల్లో హంతకుల్ని టకటకా చెప్పిన మనిషి, పాతిక పేజీల పిల్లి కథ తప్పు చెబుతోంది.”

భార్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“ఇన్నాళ్లూ మీరు తెలిసే, అమ్మ సరదా కోసం ఆడుతున్నారనుకున్నానండీ!”

“ఏం తెలిసి?”

“మా అమ్మకి అక్షరం ముక్క రాదు.”