లేని బావి

"అంకుల్ వచ్చేశారు. రాసింది మీరే కదా, దగ్గరుండి చూపించండి," అంది సత్యవాణి భర్తతో, బ్లాకు వాళ్లందరికీ వినపడేలా.

నూకరాజు తను రాసిన బోర్డుకి అడ్డంగా జరిగాడు.

సింగపూరులోని యూ టీ పేటలో వాళ్ల ఫ్లాట్ల బ్లాకు కింద పాత ఫొటోలతో, రాతలతో ప్రదర్శన పెట్టారు. ఫ్లాట్లు కట్టకముందు ఇక్కడున్న పల్లెలో పుట్టి పెరిగిన మనిషి ఏడుకొండలు. ఆయన్ని కలిసి ఆ కథ రాసుకురమ్మని కమిటీ నూకరాజుకి చెప్పింది. వస్తానని చెప్పిన మూడు శనివారాలూ ఆఫీసులో రెండువేల సంవత్సరానికి కంప్యూటర్లు సరిచేసే వైటూకే పనే సరిపోయింది. చివరికి తనే రాసి పడేశాడు. రెజ్యూమేలో లేని రెండేళ్ల అనుభవం పుట్టించినవాడికి లేని బావి ఒకటి తవ్వడం ఎంతసేపు? బావి, పక్కన పనసచెట్టు, నీళ్ల దగ్గర ఆడవాళ్ల కబుర్లు, అన్నీ అనకాపల్లిలో వాళ్ల అమ్మమ్మగారి వీధివే. కింద మాత్రం 'చెప్పినవారు: ఏడుకొండలు' అని వేశాడు.

ముసలాయన బోర్డు ముందు ఆగాడు. "కళ్లజోడు ఇంట్లో మరిచినాను తంబీ. నువ్వే చదువు."

"తర్వాత ఇంటికొచ్చి చదువుతాను అంకుల్."

"ఇక్కడే చదువు. అందరూ వింటారు."

జనం చుట్టూ చేరారు. నూకరాజు చదివాడు. బావి దగ్గరికి వచ్చేసరికి వేగం పెంచాడు. ఎలాగో ముగించి తల దించుకున్నాడు.

"సరిగ్గా రాసినాడు," అన్నాడు ఏడుకొండలు. "ఆ నీళ్లు ఎంత తీపో."

అందరూ చప్పట్లు కొట్టారు. సత్యవాణి మొహం వెలిగిపోయింది. నలుగురిలో నాలుగు చివాట్లు పెట్టినా ఇంత సిగ్గు వేసేది కాదు నూకరాజుకి.

లిఫ్టు దాకా ఆయన వెంటే నడిచాడు. "అంకుల్, నిజంగా ఇక్కడ బావి ఉండేదా?"

"ఎక్కడిది? ఊరంతటికీ ఒక్కటే కుళాయి."

"మరి అందరి ముందూ అలా..."

"నీ పెండ్లాం ముందు నీ పరువు తీయాలనా? మూడు శనివారాలు టీ పెట్టుకొని కూర్చున్నాను తంబీ. ఈ శనివారమైనా రా."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఏడుకొండలు లోపలికి వెళ్లి, చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, తన అంతస్తు నంబరు చూసి నొక్కాడు.