ఎవరిదీ కాని నోటు

మాస్టారి ప్యాంటు జేబులో ఐదువందల నోటు దొరకడం అది మూడోసారి. ఇస్త్రీ అతను ఎప్పటిలాగే నోటును బట్టల మడతల మీద పెట్టి తెచ్చిచ్చాడు.

మాస్టారు అతణ్ణి లోపలికి లాగి తలుపు వేశారు.

“నీకు పుణ్యముంటుంది, దీన్ని నువ్వే ఉంచుకో. నెల క్రితం మా మెట్ల మీద దొరికింది. మేడంతా తిరిగి అడిగాను, అందరూ తమది కాదన్నారు. పరాయి సొమ్ము ఇంట్లో ఉంటే నాకు ముద్ద దిగడం లేదు. అందుకే మరిచిపోయినట్టు జేబులో వదిలేస్తున్నాను. నువ్వైతే నొక్కేస్తావని నమ్మాను.”

ఇస్త్రీ అతని మొహం చిన్నబోయింది. “పన్నెండేళ్లుగా నన్ను దొంగనుకునే బట్టలిస్తున్నారా?”

“అబ్బే, నీ మీద గౌరవం కొద్దీ...” మాస్టారు నీళ్లు నమిలారు.

అతను నోటును తిప్పి చూశాడు. “ఎన్నో మెట్టు మీద దొరికిందండీ?”

“మూడోది. ఎందుకు?”

“అక్కడ పెట్టింది నేనే. బట్టల మూటలో దొరికింది. ఎవరిదో తేలలేదు. నాకూ కంటి మీద కునుకు లేదు.”

“పెడితే పెట్టావు, మా మెట్ల మీదే ఎందుకు?”

“నేనూ నమ్మానండి, మీరైతే కిక్కురుమనకుండా జేబులో వేసుకుంటారని.”