ముట్టని పాలు

బన్సీలాల్‌పేటలో సదాశివ పోయిన పదో రోజు, డాబా మీద పిట్టకు పెట్టారు. ఆయనకిష్టమైన మటన్ కూర, గారెలు, పక్కనే ఒక పెగ్గు. ఏ పిట్టా ముట్టలేదు. పెద్దాయనకు ఇంకా ఏదో కోపముందని చుట్టాలు గొణిగారు. గొణుగుతూనే కడుపునిండా తిని వెళ్లారు.

ఆ కోపమేమిటో భార్య కమలాబాయికి తెలుసు. కూతురు సునంద పదకొండేళ్ల కింద మెట్టుగూడ ఏసురత్నాన్ని పెళ్లి చేసుకుంది. నేనున్నా లేకున్నా అది ఈ గడప తొక్కొద్దని సదాశివ ఒట్టు పెట్టించుకున్నాడు.

ఆ సాయంత్రమే సునంద వచ్చి గేటు బయట నిలబడింది. కమలాబాయి ప్రాణం అటే లాగింది. లేవబోతుంటే, అరచేయంత రెక్కల పురుగొకటి కిటికీలోంచి వచ్చి సదాశివ ఫోటో పక్కన వాలింది. పోయినవాళ్లు అలా ఇంటికొస్తారని, తోలకూడదని వాళ్లింట్లో నమ్మకం.

“మీ మామనే,” అంది కమలాబాయి కోడలితో.

కోడలు కల్పలత కళ్లజోడు సర్దుకుని పురుగును చాలాసేపు చూసింది. వంటింట్లోంచి చిన్న గిన్నెలో పాలు తెచ్చింది. పురుగును వేలిమీదికి ఎక్కించుకుని గిన్నె అంచున దింపింది.

“పరేషాన్ గాకు అత్తమ్మా. మామనే అడుగుదం. పాలు ముట్టిండంటే కోపం పోయినట్టు, వదినను లోపలికి పిలుద్దం. ముట్టకుంటే ఆయన మాట ఆయనదే.”

ఇంత ధర్మంగా మాట్లాడే కోడలు ఎవరికుంటుంది? కమలాబాయి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది.

కల్పలత కాలేజీకి సెలవు పెట్టి మరీ పూటపూటకూ పాలు మార్చింది. చక్కెర వేసి చూసింది. తేనె కలిపి చూసింది. సునంద రోజూ సాయంత్రం వచ్చి, గేటు దగ్గర చీకటిపడేదాకా నిలబడి వెళ్లేది. కమలాబాయి తనూ అన్నం మానేసి గిన్నె ముందు కూర్చుంది.

“ఒక్క చుక్క తాగరాదయ్యా. నీ రొమ్ము మీద పండుకున్న బిడ్డ అది.”

పురుగు కదల్లేదు. ఐదో రోజు సాయంత్రం రెండుసార్లు రెక్కలు కొట్టుకుని గిన్నె పక్కనే రాలిపోయింది.

కమలాబాయి గోడ పట్టుకుని గేటు దాకా నడిచింది.

“ఆకలితోని సచ్చిండు గాని పాలు ముట్టలే బిడ్డా. మీ నాయినకు నువ్వొద్దు. ఇంక రాకు.”

గేటుకు తాళం వేసింది. సునంద కాసేపు ఆ తాళాన్నే చూసి వెళ్లిపోయింది. ఆ రాత్రి కల్పలత అత్తగారికి దగ్గరుండి నాలుగు ముద్దలు తినిపించింది.

మర్నాడు కాలేజీకి వెళ్లిన కల్పలత, ఏటా చెప్పే జువాలజీ పాఠమే చెబుతూ బోర్డు మీద అదే పురుగు బొమ్మ గీసి, “ఈ జాతికి రెక్కలొచ్చాక తినడానికి నోరే ఉండదు, రాసుకోండి” అంది.