పన్నెండు మీటర్లు

పెయ్-చెన్ అక్క తన కోసం తెప్పించుకున్న కొత్త రేసు సైకిలును పొద్దున్నే నాకిచ్చేసింది. "నాకు కొలత కుదర్లేదు, నువ్వెక్కు" అంది. మా ఇద్దరి కొలతా ఒకటే. అయినా చేతికొచ్చిన సైకిలును ఎవరు వద్దంటారు?

మా తైతుంగ్ ఊరి సముద్రపు రోడ్డు మీద ఆరేళ్లుగా నేను అక్క వెనక చక్రానికి అతుక్కునే తొక్కాను. ఎదురుగాలంతా ఆమెకే. ఇవాళ ఇంటికి మళ్లాక మాత్రం మాటిమాటికీ వెనక్కి తిరిగి తిట్టింది.

"పన్నెండు మీటర్లు వదలమన్నానా? ట్రయథ్లాన్ పోటీలో సైకిలు తొక్కేటప్పుడు ముందువాళ్లకి ఇలా అతుక్కుంటే శిక్ష వేస్తారు."

"పోటీ ఏప్రిల్లో కదక్కా. ఇవాళ్టికి నీ వీపు అద్దెకివ్వు."

"అద్దె గడువు అయిపోయింది. దాటిపో, లేదా వెనకబడు."

హ్యాండిల్ మీద మోచేతులు ఆనించి, తల దించి, మొదటిసారి అక్కను దాటేశాను. కొత్త సైకిలు మహిమ అనుకుని, నవ్వుతూ వెనక్కి చూశాను. ఆమె రోడ్డు పక్కన సైకిలు మీదికి వాలిపోయి ఆయాసపడుతోంది.

సైకిలు ఆపి పరుగున వెళ్లాను.

"సోమవారం ఆస్పత్రిలో చేరాలి" అంది, ఊపిరి అందాక. "క్యాన్సర్. ఊపిరితిత్తుల్లోకి కూడా పాకిందట. ఏప్రిల్ దాకా ఉంటానో లేదో డాక్టర్లకీ తెలీదు. నీ ముందు ఎవరూ లేకుండా తొక్కడం నేర్చుకో. ఏడవకు, కళ్లద్దాలు మసకేస్తాయి."

ఇంటికింకా ఎనిమిది కిలోమీటర్లు. ఈసారి నేను ముందుండి తొక్కాను, నెమ్మదిగా. గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి నెడుతున్నట్టుంది. ఆరేళ్లు అక్క మోసింది ఇదన్నమాట.

వెనక్కి చూశాను. ఆమె సరిగ్గా పన్నెండు మీటర్ల దూరంలోనే వస్తోంది.

"అక్కా, అతుక్కో" అన్నాను.

ఎదురు చెప్పకుండా నా మాట వినడం అదే మొదటిసారి.